ఎలుగుబంటి పన్నుతో ఉప్పల్ దాకా

హైదరాబాద్‌లో ఆరు రోజులుండి చార్మినార్ చూడకుండా తిరిగొచ్చానంటే మా క్లాసులో ఎవరూ నమ్మలేదు. "మరేం చూసినవే?" అని అడిగారు. ఉప్పల్ చూశాను, నాచారం చూశాను, అంబర్‌పేట్‌లో ఒక పొట్టేలు నోట్లోకి చూశాను, మైక్రోస్కోపులో ఒక పన్ను చూశాను అన్నాను. అక్కడితో నన్ను అడగడం మానేశారు. నాకు నలుగురిలో చెప్పడం కన్నా ఒక మూల కూర్చుని రాసుకోవడం సులువు. అందుకని అడగడం మానేసిన వాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను.

పసుపు డబ్బా

మా ఊరు ములుగు దాటాక, అడవి అంచున ఉంటుంది. మా నాన్న అటవీ శాఖలో వాచరు. ముప్పై ఏళ్లుగా అడవిలో తిరుగుతున్నాడు. అడవిలో ఆకు కదిలినా వినబడుతుందట. ఇంట్లో అమ్మ మూడుసార్లు పిలిచినా వినబడదు.

మా ఇంట్లో ఒక తగాదా ఉంది. దానికి సరిగ్గా నా వయసే, పద్దెనిమిదేళ్లు. నేను పుట్టిన రోజు నాన్న ఊళ్లో లేడు. ఎందుకు లేడన్నదే తగాదా. నాన్న వాదన ఇదీ: అది ఇప్పపూల కాలం. పొద్దున్నే అడవిలోకి పోతే ఒక తల్లి ఎలుగుబంటి, దాని వీపు మీద కూన ఎదురయ్యాయి. నాన్న చెట్టెక్కాడు. అవి పక్కనే ఇప్పచెట్టు కింద పూలు తింటూ పొద్దుగూకే దాకా కదల్లేదు. అమ్మ వాదన ఇంకా చిన్నది: కల్లు మండువాలో తాగుతూ కూర్చున్నాడు.

"ఎలుగుకు చెట్టెక్కరాదా? నువ్వెక్కితే అదెక్కదా?" అని అమ్మ అడుగుతుంది.

"కడుపు నిండినదానికి ఎక్కే పనేందే?" అని నాన్న అంటాడు.

నాన్న కథలో ఆ చెట్టు ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఇప్పుడు సెల్ టవరంత అయింది. ఒక్కటి మాత్రం మారలేదని నాన్న ఒట్టేస్తాడు. ఆ కూన ఎడమ ముందరి కాలికి రెండు వేళ్లు లేవట. ఉచ్చులో పడి తెగిపోయాయట. ఆ తర్వాత ఇన్నేళ్లూ వాగు ఇసుకలో మూడు వేళ్ల అడుగు చూసినప్పుడల్లా ఇంటికొచ్చి, "నీ బిడ్డ ఈడుది ఇయ్యాల గూడ కనవడ్డది" అని అమ్మకు చెప్పేవాడు. ఎలుగుబంట్లు అడవిలో అన్నేళ్లు బతకవని, వచ్చిన ప్రతి రేంజర్ సారూ నాన్నకు చెప్పి, బదిలీ అయి వెళ్లిపోయాడు.

ఈ ఎండాకాలం ఎండిన వాగు పక్కన ఒక ముసలి ఆడ ఎలుగు చనిపోయి కనిపించింది. ఎడమ ముందరి కాలికి మూడే వేళ్లు. నాన్న పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు.

"ఓ సరోజనా! నా సాక్షి దొరికింది!"

"బతికున్నదా?" అంది అమ్మ.

"సచ్చింది."

"నీ సాక్షులు గట్లనే ఉంటరు."

అడవి జంతువుల వయసును వాటి పళ్లను బట్టి చెప్పే మేడమ్ ఒకావిడ నాచారంలో ఉందని, ముసలి ఎలుగు ఏదైనా చనిపోతే కోరపన్ను వెనక ఉండే చిన్న పన్నొకటి పంపమని ఆమె ఇదివరకే ఉత్తరం రాసిందని రేంజర్ సారు చెప్పాడు. పాపం ఆ ఎలుగుకు ఆ చిన్న పళ్లలో మిగిలింది ఒక్కటే. అడవిలో మంటలు లేచే కాలం కాబట్టి నాన్నకు సెలవు దొరకలేదు. నేను సెలవుల్లో నాచారంలోని మా చిన్నమ్మ దగ్గరికి ఎలాగూ వెళ్లాల్సిందే. సారు ముద్ర వేసిన ఉత్తరం ఇచ్చాడు. పన్నును కాగితం కవరులో పెట్టి, ఆ కవరును నాన్న పాత పసుపు డబ్బాలో పెట్టాడు.

"దానికి నీ ఈడే బిడ్డా. పద్దెనిమిది. గదొక్కటి తెలుసుకొని రా" అన్నాడు నాన్న.

బస్సెక్కే ముందు అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "లెక్క ఎంతొస్తె గంతనే చెప్పాలె. మీ నాయన మొకం సూసి ఒకటి కలపద్దు, ఒకటి తియ్యద్దు." ఆమె నవ్వుతూనే అంది గానీ నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది. నన్ను కన్న రోజు ఆమె పక్కన ఎవరూ లేరు. పద్దెనిమిదేళ్లుగా వాళ్లిద్దరూ వేళాకోళమాడుతున్నారనే అనుకున్నాను. అమ్మకు అది వేళాకోళం కాదని ఆ చేతి పట్టుతో నాకు తెలిసింది.

ఉప్పల్ రింగు రోడ్డు

బస్సులో నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. హన్మకొండ దాటకముందే నా పేరు, ఊరు, చదువు, పెళ్లి సంగతి అడిగేసింది. జనగామ దగ్గర డబ్బా మీద పడింది ఆమె చూపు.

"ఏంది బిడ్డా అండ్ల? అప్పటిసంది ఒళ్లె పెట్టుకొని కూసున్నవు."

నాకు అబద్ధం చెప్పడం రాదు. చెప్పాలంటే చాలా మాట్లాడాలి. "పన్ను" అన్నాను.

"ఎవలది?"

"ఎలుగుబంటిది. వయసు ఎంతో చూపించనీకి."

భయపడి జరుగుతుందనుకున్నాను. ఆమె నోరు బార్లా తెరిచింది. మూడు పళ్లున్నాయి. "మరి నాకెన్నేండ్లో చెప్పు" అంది. నేను సిగ్గుతో కిటికీ వైపు తిరిగిపోయాను. ఘట్‌కేసర్ వచ్చే దాకా ఆమె అరవై నుంచి మొదలుపెట్టి తన వయసుకు తానే బేరమాడుకుంది. "డెబ్బై అని రాసుకో పో" అని చివరికి ఖాయం చేసింది.

మా వైపు వాళ్లకు హైదరాబాద్ అంటే ఉప్పలే. బస్సు అక్కడే ఆగుతుంది. అక్కడి నుంచి ఎటు పోవాలన్నా అది "హైదరాబాద్ లోపల". రోడ్డుకు పైన నడవడానికి గుండ్రంగా ఒక వంతెన కట్టారు. దిగాల్సిన మెట్లు దాటిపోతే ఇంకో చుట్టు తిరగొచ్చు. నేను తిరిగాను. రెండోసారి దిగితే ఎక్కిన చోటికే వచ్చాను. అక్కడ పల్లీలు అమ్మే ఆమె, "మల్లొచ్చినవా?" అని పలకరించింది. మూడోసారి చుట్టు తిరగడానికి సిగ్గేసి పల్లీలు కొన్నాను. మా ఊళ్లో పది రూపాయల పల్లీలు దోసిలి నిండుతాయి. ఇక్కడ పొట్లం మాత్రం దోసిలంత ఉంది.

నాచారంలో మూడు విజిళ్లు

మా చిన్నమ్మ అమ్మకు చెల్లెలు. జనగామ వైపు క్రైస్తవ కుటుంబంలోకి పెళ్లయి వచ్చింది. హబ్సిగూడలో ఒక పళ్ల డాక్టరు దగ్గర పన్నెండేళ్లుగా ఆయాగా పనిచేస్తోంది. డాక్టరు సెలవు పెట్టిన రోజున కూడా ఈ వీధిలో పంటి నొప్పి ఉన్నవాళ్లు చిన్నమ్మ ఇంటికొస్తారు. ఆమె సెల్‌ఫోను లైటు వేసి నోట్లోకి చూసి, "పిప్పి" అనో "చిగురు" అనో తేల్చేస్తుంది. ఇంట్లో ఎవరైనా సరే పొద్దునా సాయంత్రం రెండు నిమిషాలు పళ్లు తోమాలి. పక్కన గడియారం పట్టుకుని తాను నిలబడుతుంది. వేపపుల్ల తెచ్చుకున్నానని చెప్పే ధైర్యం నాకు రాలేదు.

మా ఊళ్లో ఊడిన పాలపన్నును పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసురుతాం. చిన్నమ్మ వాళ్ల క్లినిక్‌లో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పిల్లల చేతికే ఇస్తారట. "ఇచ్చినంక ఏం చేస్తరు?" అని అడిగాను. "ఏం చేస్తరు, అపార్టుమెంటుల కప్పేడిది? దాసుకుంటరు" అంది చిన్నమ్మ.

అన్నానికి ముందు ప్రార్థన చేసింది. టమాట పప్పు, చల్ల మిరపకాయలు ఎదురుగా ఉన్నాయి. చిన్నమ్మ ప్రార్థనలో ఇంటివాళ్లు, వీధివాళ్లు, డాక్టరు, కంపెనీ బస్సు నడుపుతూ ఇంకా ఇల్లు చేరని చిన్నాయన అందరూ అయ్యాక, "ప్రభువా, ఈ బిడ్డ తెచ్చిన పన్ను ఎవరిదైతేనేంది, దాని నొప్పంత తీసెయ్యి తండ్రీ" అంది. నేను కళ్లు మూసుకుని ఆమేన్ అన్నాను. నాన్న తరఫున కూడా ఒకటి లోపల అనుకున్నాను.

మర్నాడు పొద్దున కుక్కరు విజిల్‌కు మెలకువ వచ్చింది. పప్పు అనుకుని పడుకున్నాను. మూడో విజిల్‌కు లేచి ముఖం కడుక్కుని వంటింట్లోకి వెళ్లాను. చిన్నమ్మ కుక్కరు మూత తీసి, పట్టుకారుతో ఒక స్టీలు గిన్నె బయటికి తీసింది. గిన్నెలో పప్పు లేదు. ఎలుగుబంటి పన్ను ఉంది.

"చిన్నమ్మా!"

"ఏమాయె? గట్లెట్ల తీస్కవోతవ్ బిడ్డా సదువుకున్నోళ్ల కాడికి? అడవి జంతువు నోట్లెకెల్లి వచ్చింది. ఎన్ని క్రిములుంటయ్! మా క్లినిక్‌ల ఏ సామానైనా గిట్లనే ఆవిరి పెడతం. ఇది కుక్కరు, అది పెద్ద కుక్కరు. గంతే ఫరక్."

పన్ను తళతళా మెరుస్తోంది. ఇరవయ్యేళ్ల చెదపురుగుల మట్టి ఒక్క పొద్దున వదిలిపోయింది. ఇలా ఉడకబెట్టొచ్చో కూడదో నాకు తెలియదు. ఉన్నది ఒక్కటే పన్ను. నాన్న మాట మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

"చిగురుకాడ జర గీరిన గూడ, మురికుండె" అంది చిన్నమ్మ, నేను మెచ్చుకుంటానని చూస్తూ.

మేడమ్ ప్రశ్న

నాచారం పారిశ్రామికవాడలో దారి కనుక్కోవడానికి ముక్కు చాలు. ఒక వీధి బిస్కెట్ల వాసన, ఒక వీధి రంగుల వాసన, ఒక వీధి ఏదో మందు వాసన. మూడో వాసన మొదలైన చోట మేడ మీద ఆ ల్యాబు ఉంది. పద్మజ మేడమ్‌ది రాజమండ్రి వైపు. నలభై ఏళ్లుంటాయి. కళ్లజోడు తల మీద పెట్టుకుని కళ్లజోడు కోసం వెతుకుతోంది. నేను చెప్పాలి. చెప్పడానికి ధైర్యం తెచ్చుకునేలోపు ఆమే తడుముకుని దించుకుంది.

డబ్బా తెరిచి పన్నును వెలుతురులో పెట్టి చూసింది. వాసన చూసింది.

"ఇదేంటమ్మా, పెళ్లిచూపులకు తయారైనట్టుంది?"

"మా చిన్నమ్మ కుక్కర్‌లో పెట్టింది మేడమ్."

"ఎన్ని విజిళ్లు?"

"మూడు."

"ఉప్పు వేసిందా?"

"లేదు మేడమ్" అన్నాను నిజంగానే. ఆమె నవ్వింది. ఆమె ఆటపట్టిస్తోందని నాకు ఆ తర్వాత తెలిసింది. కానీ నవ్వు ఆగాక ఆమె ముఖం మారింది. పంటి వేరును గోరుతో చూపించింది. పైన మనకు కనబడే పన్ను అరిగిపోతుంది, దాన్ని బట్టి ముసలిదో పడుచుదో చెప్పొచ్చు గాని ఏళ్లు చెప్పలేం. ఏళ్లన్నీ వేరు మీద ఉంటాయి. వేరు చుట్టూ సన్నటి పొర ఒకటి ఏడాదికింత చొప్పున పేరుకుంటుంది. తిండి బాగా దొరికిన కాలంలో వెడల్పుగా, దొరకని కాలంలో నల్లటి గీతలా. చెట్టు మొద్దు కోసినప్పుడు కనబడే వలయాల్లాగే. ఉడికిస్తే ఆ పొరే లేచిపోవచ్చు.

"ఇంకో పన్ను లేదా?"

"లేదు మేడమ్. మిగతావి ఊడిపోయినయంట."

"సరే, చూద్దాం. యాసిడ్‌లో మెత్తబడాలి, కాగితం కన్నా సన్నగా కోయాలి, రంగు వేయాలి. నాలుగు రోజులాగి రా." ఉత్తరం మళ్లీ చదివి, "ఇందులో మీ రేంజరు గారు, 'ఈ అమ్మాయి తండ్రి పద్దెనిమిది అంటున్నాడు' అని రాశారే? అంత కచ్చితంగా ఆయనకెలా తెలుసు?" అంది.

చెప్పాను. చెట్టు, ఇప్పపూలు, కూన, వేళ్లు, కల్లు మండువా, అన్నీ. కొత్తవాళ్లతో నేను అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. మేడమ్ మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు. అంతా విని ఒకటే అడిగింది.

"ఇప్పపూల కాలానికి ఎలుగు కూనకు మూడు నెలలుంటాయి. తల్లి వీపు దిగదు. అలాంటి కూనకు ఉచ్చులో వేళ్లు తెగడం, అది మానిపోవడం కూడా అయిపోయిందా?"

ఆ రోజు డైరీలో ఆ ప్రశ్న రాసి దాని కింద రెండు గీతలు గీశాను. మేడమ్ చెప్పిన ఇంకో సంగతి కూడా రాశాను. ఎలుగుబంటికి పై వరుసలో మధ్య పళ్లు రెండు ఉండవట. ఆ సందులోంచే చెదపురుగులను జుర్రుకుంటుందట. ఇంటికెళ్లి చిన్నమ్మకు చెబితే చాలా బాధపడింది. "మా డాక్టరు సారు సూస్తె రెండు పెట్టిచ్చెటోడు" అంది.

అంబర్‌పేట్, రెండు పళ్ల పొట్టేలు

నాలుగు రోజులు ఎలా గడుస్తాయోనని భయపడ్డాను. ఒక రోజు హబ్సిగూడలో కోచింగ్ సెంటర్ల పక్కన పాత పుస్తకాల బండి దగ్గరే గడిచిపోయింది. పోటీ పరీక్షల గైడ్ల కింద ఒక కథల పుస్తకం దొరికింది. బండాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది ఏ పరీక్షకమ్మా?" అని అడిగాడు. ఏ పరీక్షకూ కాదంటే సగం ధరకిచ్చాడు.

చిన్నమ్మ సెలవు రోజున ఇద్దరం కూరగాయలకని అంబర్‌పేట్ వెళ్లాం. బక్రీద్ ముందు రోజులు. రోడ్డు పక్కన పొట్టేళ్లు, మేకలు వరుసగా కట్టేసి ఉన్నాయి. కొనడానికి వచ్చిన ఒక పెద్దమనిషి "దో దాంత్?" అని అడిగితే, అమ్మే ఆయన పొట్టేలు గదవ పట్టుకుని కింది పెదవి వంచి చూపించాడు. ముందు చిన్న పళ్ల మధ్య రెండు పెద్ద పళ్లు పారల్లా ఉన్నాయి. పాలపళ్లు ఊడి ఆ రెండూ వస్తే ఏడాది దాటినట్టు. అప్పుడే కుర్బానీకి పనికొస్తుంది.

ఎవరైనా నోరు తెరిచి చూపిస్తుంటే చిన్నమ్మ ఆగకుండా ఉండలేదు. కూరగాయల సంచి నాకిచ్చి ముందుకు వెళ్లింది.

"ఏడాది దాటిందని నీ మాట ఎట్ల నమ్మాలె అన్నా?"

"నా మాట ఎందుకు నమ్ముతవక్కా? దాని నోరు నమ్ము. నా నోరు అబద్ధమాడతది, దాని నోరు ఆడదు."

"చిగుర్లు వాచినయి సూడు."

"అది నీకు అల్లుడు గాదక్కా, పొట్టేలు!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చిన్నమ్మ కూడా నవ్వింది, కానీ వంగి ఇంకోసారి చిగుర్లు చూసింది. అతను నాకు చెబుతున్నట్టు వివరించాడు. ఏడాదికి రెండు చొప్పున, నాలుగు పండ్లు, ఆరు పండ్లు, ఎనిమిది పండ్లు. ఎనిమిదితో నోరు నిండుతుంది.

నా గొంతు నాకే వినబడనంత మెల్లగా అడిగాను. "నోరు నిండినంక వయసు ఎట్ల తెలుస్తదన్నా?"

"గప్పుడు ఎవ్వలు చెప్పలేరు చెల్లె. సాదుకున్నోడు ఏది చెప్తె గదే."

తిరుగు దారిలో ఆటోలో అదే తలచుకుంటూ కూర్చున్నాను. మా ఎలుగును సాదుకున్నవాళ్లు ఎవరూ లేరు. వాగు ఇసుకలో దాని అడుగును పద్దెనిమిదేళ్లు చూసినవాడు మా నాన్న ఒక్కడే. ఆయన మాటకు సాక్షి కుక్కర్‌లో మూడు విజిళ్లు తిన్నది.

నాలుగో గీత

చెప్పిన రోజున వెళ్లేసరికి మేడమ్ టీ తెప్పించింది. టీ తెప్పించారంటే వార్త మంచిది కాదేమోననిపించింది.

"మీ చిన్నమ్మ గారు ఒక పక్క పొర లేపేశారు. రెండో పక్క నిలిచింది. రా, చూడు."

మైక్రోస్కోపులోకి వంగాను. మొదట నా రెప్పవెంట్రుకలే కనబడ్డాయి. తర్వాత ఊదా రంగులో ఒక లోకం. గీత పక్కన గీత, ఏరు తగ్గుతున్నప్పుడు ఒడ్డున ఇసుకలో మిగిలే చారల్లా. కొన్ని దూరం దూరంగా, కొన్ని ఒకదాన్నొకటి ఆనుకుని. ఒక జంతువు బతుకంతా ఒక వెంట్రుకంత మందంలో ఉంది. నేను రోజుకో పేజీ రాస్తాను. అది ఏడాదికో గీత రాసింది, అంతే.

"లెక్కపెట్టు" అంది మేడమ్.

రెండుసార్లు మధ్యలో తప్పిపోయాను. మూడోసారి చివరిదాకా వెళ్లాను. "ఇరవై రెండు."

"నేను మూడుసార్లు, ముందుసారి అంకె చూడకుండా లెక్కపెట్టాను. ఇరవై రెండు, ఇరవై ఒకటి, ఇరవై రెండు. చలి దేశాల ఎలుగులకు గీతలు కొట్టొచ్చినట్టుంటాయి. మన ఎండల్లో కొంచెం మసక. ఇరవై రెండు అని, ఒకటి అటూ ఇటూ అని రాస్తాను. అడవిలో ఇంత బతకడం చాలా అరుదు. నేనింతవరకు చూడలేదు."

ఆమె ముఖం వెలిగిపోతోంది. నాకు మాత్రం నాన్న ముఖం గుర్తొచ్చింది. పద్దెనిమిది కాదు. ఒకటి అటూ ఇటూ వేసుకున్నా కాదు. నేను పుట్టేసరికి ఈ ఎలుగుకు నాలుగేళ్లు. అది ఎవరి వీపు మీదా లేదు.

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, "పద్దెనిమిదని రాయనీకి రాదా మేడమ్?" అన్నాను.

"వయసు తగ్గించి రాయమని చాలామంది ఆడవాళ్లు అడుగుతారు. ఈవిడ అడగలేదుగా" అంది. నేను నవ్వలేకపోయాను. ఆమె చూసింది. కుర్చీ నా పక్కకు జరుపుకుని, మళ్లీ వంగి చూడమంది. "లోపలి నుంచి నాలుగో గీత చూడు. పక్కవాటి కన్నా దాని వెడల్పు ఎంత తక్కువో. పిల్లను సాకిన ఏడాది తల్లికి తిన్నదంతా పాలకే పోతుంది. పంటికి మిగలదు. అందుకని ఆ ఏడాది పొర సన్నబడుతుంది. అన్నిసార్లూ అలాగే ఉంటుందని ఒట్టేయలేను గానీ, ఇక్కడ నాలుగు, ఏడు, పది... చూశావా? ఈవిడ మంచి తల్లి."

ఆ గీతల ఫొటో ఒకటి కాగితం మీద తీసి ఇచ్చింది. ఉప్పల్‌లో వంతెన ఎక్కి, తిరగకుండా ఒక్కసారికే సరైన మెట్లు దిగాను. పల్లీలామె చెయ్యి ఊపింది. సంతోషించే ఓపిక లేక బస్సెక్కేశాను. దారి పొడుగునా ఇరవై రెండు అనే మాటను మెత్తగా ఎలా చెప్పాలా అని ఆలోచించాను. ఇరవై రెండును మెత్తగా చెప్పడం ఏ భాషలోనూ కుదిరేటట్టు లేదు.

ఇల్లు

నాన్న బస్టాపులోనే ఉన్నాడు. సంచి అందుకున్నాడు గానీ ఏమీ అడగలేదు. ఇంటి దాకా చిన్నమ్మ గురించి, బస్సు రద్దీ గురించి మాట్లాడాడు. గడపలో అడుగుపెట్టగానే అమ్మ అడిగింది.

"ఎంతన్నరు?"

"ఇరవై రెండు."

నాన్న ఫొటో తీసుకుని తలకిందులుగా పట్టుకున్నాడు. అమ్మ గెలిచినట్టు నవ్వుతుందనుకున్నాను. "సూసినవా" అంది గానీ మెల్లగా అంది. గెలిచిన మనిషి గొంతులా లేదది. ఆమెకు కూడా ఎక్కడో నాన్నే నిజమైతే బాగుండునని ఉందేమో.

"మరి కాలైతే గదే" అన్నాడు నాన్న. "గా మూడు వేళ్ల అడుగు నేను మర్సిపోత? ఎన్ని ఏండ్లు సూసిన!"

మేడమ్ ప్రశ్న, దాని కింద నేను గీసిన రెండు గీతలు గుర్తొచ్చాయి. మూడు నెలల కూనకు ఉచ్చు ఎలా తగిలింది? నేను లేచి పెట్టె తెరిచాను. రెండో తరగతి నుంచి రాసిన నోటు పుస్తకాలన్నీ అందులో ఉన్నాయి. మూడోది అట్ట చిరిగింది. అందులో దొరికింది. పైకి చదివాను. ఇంట్లోవాళ్ల ముందు నా డైరీ చదవడం అదే మొదలు, బహుశా అదే చివర.

"ఈ రోజు నాన్న నేను పుట్టిన కత చెప్పినాడు. నాన్న చెట్టు ఎక్కినాడు. తల్లి ఎలుగుకు ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు. కూన బాగుంది. కూన వీపు మీద కూర్చుంది. చెట్టు మా ఇల్లంత ఉంది."

నాన్న గోడకు ఆనుకున్నాడు. "తల్లికా?" అన్నాడు. తనకు తానే చెప్పుకున్నాడు. "తల్లికే. అవు, తల్లికే. అప్పటి సారుకు చెప్తె, ఎలుగు గన్నేండ్లు బతకదయ్యా, గీ అడుగు దానిది గాదన్నడు. అడుగేమో కండ్లముంగట ఉండె. అయితె కూనదేమో అనుకున్న. పెద్ద సదువు సదివినోడు చెప్పిండు గదా, నా కండ్లదే తప్పనుకున్న."

అలా ఏటేటా చెబుతూ చెబుతూ వేళ్లు తల్లి కాలి నుంచి కూన కాలికి మారిపోయాయి. సారు మాట పోకూడదని నాన్న తన సాక్ష్యాన్నే మార్చుకున్నాడు. ఇరవై రెండులోంచి పద్దెనిమిది తీస్తే నాలుగు. నాలుగో గీత సన్నం. ఆ ఏడాది దానికొక కూన ఉంది. చెట్టు కింద ఉన్నది అదే. మేడమ్ చెప్పినట్టే నేనూ చెప్పాను, ఒట్టు వేయకుండా.

అమ్మ అంతా విన్నది. విని అడిగింది.

"సరే. పొద్దుగూకిందాక చెట్టు మీదున్నవు. ఒప్పుకున్న. పిల్ల దీపాలు పెట్టే యాళ్లకు పుట్టింది. నువ్వొచ్చింది తెల్లారినంక. నడుమ ఏడ వోయినవు?"

ఈ ప్రశ్న పద్దెనిమిదేళ్లలో ఎప్పుడూ రాలేదు. చెట్టు దగ్గరే ఇద్దరూ కొట్లాడుకుంటూ అక్కడే ఆగిపోయేవాళ్లు.

"దిగిన" అన్నాడు. "కాళ్లు నిలవడకపాయె. ఫారెస్టోడు ఎలుగుకు భయపడ్డడని ఊరంత నవ్వుతరనిపించె. వాగుకాడ కూసున్న. పంచె గూడ తడిసుండె. అది ఆరినంక వద్దామని..."

"వాగు నీళ్లకు తడిసిందా?" అంది అమ్మ.

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదలడం చూసి మొదట ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వి, ఆ కళ్లు తుడుచుకుని, నాన్న చేతిలోంచి ఫొటో తీసుకుంది. సరిగ్గా తిప్పి పట్టుకుంది.

"నాలుగోది ఏదే?"

చూపించాను. దాని మీద వేలు పెట్టి ఉంచింది.

"గింత సన్నగున్నది. పాపం. నన్ను గూడ కోసి సూస్తె ఆ ఏడు గిట్లనే ఉంటది" అంది. తర్వాత నాన్న కంచంలో అన్నం పెడుతూ, ఆయనకు వినబడేలా నాతో అంది.

"దీని మొగడు గూడ ఆ దినం ఏ చెట్టెక్కి కూసున్నడో బిడ్డా!"